అర మార్కు, అర అంగుళం

మా పెరట్లో గదికి మార్కింగు చేసే రోజున టేపు కొస పట్టుకునే పని నాకు పడింది. ఇల్లు కట్టించుకునేవాడికి మేస్త్రి ఇచ్చే అత్యున్నత హోదా అదే. 12 అడుగులకి 12 అడుగుల గది ఒకటి, దాని వెనక మూలని ఆనుకుని 6కి 6 స్నానాలగది. తెల్లారి ఆరింటికే మేస్త్రి వచ్చి కొయ్య మేకులు, సుత్తి, దారం ఉండ కింద పెట్టాడు. ముగ్గు డబ్బా గట్టు మీద ఉంది. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మా మేనమామ పడక్కుర్చీని వేపచెట్టు నీడకి లాక్కుని కూర్చున్నాడు.

మేస్త్రి ఆయన శిష్యుడే. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి తాపీ పట్టాడు. అప్పటినుంచీ ఇద్దరికీ ఏదో ఒక లెక్క తేలకుండా మిగిలే ఉంటుంది. ఆ రోజు తేలనిది ఇది. నేను మధ్యలో టేపు పట్టుకుని నిలబడ్డాను కాబట్టి రెండు వైపులా వినిపించింది.

మేస్త్రి: మాస్టారూ, దారం కట్టేముందు ఒక తగువు తీర్చండి. మా అమ్మాయి పదో తరగతి కదా. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలూ ఆరేసి సెంటీమీటర్లిచ్చి, కర్ణం ఎంతన్నారు. పిల్ల √72 అని రాసింది. ఎర్ర సిరాతో పక్కన 6√2 అని వేసి అర మార్కు కోసేశారు. √72 తప్పాండీ?

మాస్టారు: తప్పు కాదు.

మేస్త్రి: మరెందుకు కోశారు?

మాస్టారు: పని మధ్యలో దిగిపోయిందని. గోడ కట్టి పూత పెట్టకుండా వెళ్ళిపోయినవాడికి నువ్వు పూర్తి కూలి ఇస్తావా?

మేస్త్రి: పూత లేని గోడ వానకి నానుతుంది. √72 ఏ వానకి నానుతుందండీ? టేపు పెట్టి చూడండి. √72 అన్నా, 6√2 అన్నా ఎనిమిదిన్నర సెంటీమీటర్లకి ఒక వెంట్రుక తక్కువ. ఒకే చోట పడే రెండు గీతల్లో ఒకదానికి మార్కు, ఇంకోదానికి కోతానా? అసలు నా టేపు మీద ఈ మూలం గుర్తు ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే ఒప్పుకుంటాను.

మాస్టారు: టేపు మీద లేదు కాబట్టే విడగొట్టి రాయమంటాం. 72ని చిన్న ముక్కలు చెయ్యి. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది తొమ్మిదులు డెబ్భై రెండు. అంటే మూడు రెళ్ళు, రెండు మూళ్ళు. జతగా ఉన్నవాళ్ళలో ఒకడు జత తరఫున బయటికొస్తాడు. రెళ్ళలో ఒక జత, మూళ్ళు ఒక జత. బయట రెండు మూళ్ళు ఆరు. జోడీ లేని రెండు ఒక్కటీ లోపలే. 6√2. బయటున్న 6ని నీ టేపు కొలుస్తుంది. లోపలున్న దాన్ని ఏ టేపూ కొసాకా కొలవలేదు. తేలేదీ తేలనిదీ వేరు చేసి పెట్టడం అది. √72 అని వదిలేస్తే రెండూ ఒక గోనెసంచిలో కట్టినట్టు.

మేస్త్రి: సంచి బరువు తెలిస్తే చాలుగదండీ, లోపల ఏముందో నాకెందుకు?

ఇక్కడ మావయ్య ఒక మాట అన్నాడు, అది బళ్ళో చాలాసార్లు అని ఉంటాడు. √72, √128, √288 ఈ ముగ్గుర్నీ వరసగా నిలబెడితే చుట్టాలని ఎవరూ అనుకోరు. 6√2, 8√2, 12√2 అని రాస్తే ముగ్గురిదీ ఒకటే ఇంటిపేరని తెలిసిపోతుంది. మేస్త్రి విన్నాడు గానీ, మొహంలో ఏ మార్పూ లేదు. ఇంటిపేర్లు కలిసినంత మాత్రాన గోడలు కలుస్తాయా అన్నట్టు చూసి, మొదటి మేకు దిగ్గొట్టాడు.

మేస్త్రి: మీ ఇంటిపేరు సంగతి నాకు వేరే లెక్కలో తెలుసు. నలుచదరం గదికి ఐమూల ఎంతా అంటే, అడుక్కి 17 అంగుళాలు. మా మేస్త్రి నాకు చెప్పాడు, నేను మావాళ్ళకి చెప్పాను. 12 అడుగుల గదికి పన్నెండు పదిహేళ్ళు 204 అంగుళాలు, అంటే 17 అడుగులు. మూలమూ లేదు, మట్టీ లేదు.

మావయ్య కుర్చీలో ముందుకి వంగాడు. ఆయనకి దొరికింది.

మాస్టారు: అడుక్కి 17 అంగుళాలా? మళ్ళీ చెప్పు. 17ని 12తో భాగించావంటే అది శుల్బసూత్రాల లెక్క. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికలకి ఇటుకలు పేర్చాలంటే తాడు లాగి మూలలు కట్టాలి కదా, ఆ పుస్తకాలు వాటికోసం. బౌధాయనుడూ ఆపస్తంబుడూ నలుచదరం ఐమూలకి ఒక కొలత చెప్పారు. భుజానికి దాని మూడో వంతు కలుపు. ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు. అక్కడ ఆగావంటే నీ 17 అంగుళాలే! అడుగంటే 12, మూడో వంతు 4, దాంట్లో నాలుగో వంతు 1. పన్నెండూ నాలుగూ ఒకటీ, పదిహేడు.

మేస్త్రి: ఆపస్తంబుడంటే... పెళ్ళిళ్ళలో పంతులుగారు ప్రవర చెప్తూ ఆపస్తంబ సూత్రం అంటారే, ఆయనేనా?

మాస్టారు: ఆ సూత్రమే. అందులో ఒక భాగం ఈ తాడు లెక్క. మన బడిపుస్తకంలో కరణీయ సంఖ్య అంటామే, ఆ కరణి కూడా అక్కడి మాటే. రెండింతల చదరాన్నిచ్చే తాడు ద్వికరణి, మూడింతలకి త్రికరణి. పిల్లలు కరణి అంటే కలంతో గీసే గుర్తనుకుంటారు. అది నీ చేతిలో ఉన్న దారం.

మేస్త్రి: అయితే బౌధాయనుడు నా పక్షమేగా. ఆయనా మూలం గుర్తు పెట్టుకుని కూర్చోలేదు. మూడో వంతు, నాలుగో వంతు అని కోసి ఇటుక పరిచాడు.

మాస్టారు: కానీ ఆయన నీలాగా 17 దగ్గర ఆగలేదు. చివర కలిపిన ముక్కలో 34వ వంతు తియ్యమన్నాడు. తీస్తే 408 భాగాలకి 577 వస్తుంది. ఆ పైన ఆ కొలతకి సవిశేషం అని పేరుంది. సవిశేషం అంటే కాస్త అదనం ఉన్నదని అర్థం చెబుతారు. మీ మేస్త్రి నీకు 17 చెప్పాడు గానీ, అందులో అదనం ఉందని చెప్పలేదు.

మేస్త్రి: ఎంతేమిటి అదనం?

మాస్టారు: ఈ గదికా? మూడు నూళ్ళు.

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. తాపీ పనిలోనూ వడ్రంగం పనిలోనూ దాని కిందకి దిగేవాళ్ళు తక్కువ.

మాస్టారు: ఐమూల మీద మూడు నూళ్ళు హెచ్చిందంటే, ఈ గోడ కొస అవతలికి నాలుగు నూళ్ళు జరుగుతుంది. అర అంగుళం. గది కొంచెం పక్కకి ఒరిగి కూర్చుంటుంది. కంటికి ఆనదు. టైల్స్ వేసేరోజు ఆనుతుంది.

ఈ మాటకి నేను కదిలాను. మా ముందు గది సంగతి నాకు తెలుసు. దాన్ని కట్టింది ఈ మేస్త్రి కాదు. టైల్స్ వరసలు గుమ్మం దగ్గర నుంచి తిన్నగానే వస్తాయి. అవతలి గోడ దగ్గర చివరి ముక్క ఒక కొసన బెత్తెడు వెడల్పు, ఇంకో కొసన అంతకి వేలెడు తక్కువ. సోఫా వేసి దాచాం. పండక్కి సోఫా జరిపి తుడిచినప్పుడల్లా మా ఆవిడ ఆ ముక్కని ఒకసారి, నన్ను ఒకసారి చూస్తుంది.

మేస్త్రి: మాటలెందుకు, కట్టి చూద్దాం. అయ్యగారూ, మీరు ఆ మేకు దగ్గర పట్టుకోండి. టేపు కొస కొక్కెం వదులైంది, ఒక అడుగు గీత దగ్గర పట్టుకోండి, నేను అడుగు తీసేసుకుంటాను.

మొదటి గోడ 12 కట్టాం. ఐమూల 17, పక్క గోడ 12, రెండూ కలిసిన చోట మూడో మేకు. అక్కడినుంచి నాలుగోది. నాలుగు వైపులా 12 సరిగ్గా వచ్చింది. మేస్త్రి నడుం మీద చెయ్యి వేసుకుని మావయ్యని చూశాడు.

మేస్త్రి: ఇప్పుడు నా రెండో సూత్రం చూడండి. ఒక ఐమూలని నమ్మేవాడు మేస్త్రి కాడు. అవతలి ఐమూల కూడా లాగుతాను. రెండూ కలిస్తే మూలమట్టం కుదిరినట్టు. కలవకపోతే ఎంత తేడా ఉందో చూసి, సగం ఇటు, సగం అటు పంచుతాను.

రెండో ఐమూల లాగాం. టేపు చూసి మేస్త్రి నోరు తెరిచాడు. 15 అడుగుల 11 అంగుళాలు చిల్లర. అడుగు పొడవున తేడా! మావయ్య నవ్వలేదు, నా వైపు చూశాడంతే. నేను ఈసారి టేపుని సున్నా దగ్గర పట్టుకున్నాను. మేస్త్రి అలవాటుగా అడుగు తీసేశాడు. "అంగుళాల్లో తేడా వస్తే గది తప్పు, అడుగుల్లో వస్తే మనిషి తప్పు" అని నెమ్మదిగా అని, నా వేలు పట్టుకుని ఒకటి గీత మీద పెట్టాడు.

మళ్ళీ లాగితే 16 అడుగుల 11 అంగుళాల 2 నూళ్ళు. మొదటిదానికి ఆరు నూళ్ళు తక్కువ.

మాస్టారు: అర అంగుళం ఒరిగింది, చెప్పానా?

మేస్త్రి: చెప్పారు. కానీ మీరు చెప్పకపోయినా నాకు దొరికేది కదా! ఆరు నూళ్ళు తేడా, మూడు ఇటు, మూడు అటు. రెండు ఐమూలలూ 16 అడుగుల 11 అంగుళాల 5 నూళ్ళు అయ్యేదాకా అవతలి రెండు మేకులూ జరుపుతాను. మీ √288 ఎంత?

మావయ్య జేబులోంచి పాత కవరు తీసి వెనక్కి తిప్పి వేశాడు. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉన్నా ఆయన ముట్టడు. 203 అంగుళాల మీద దశాంశంలో 647. అంటే 16 అడుగుల 11 అంగుళాల 5 నూళ్ళు, ఆపైన చూపుకానని పిసరు. మేస్త్రి చెప్పిన చోటే.

నిజం చెప్పాలంటే అక్కడితో వాదం మేస్త్రి గెలిచేశాడనే అనుకున్నాను. మూలం గుర్తు లేదు, సిద్ధాంతం పేరు లేదు, తప్పు కొలతతో మొదలుపెట్టి రెండు దారాలతో సరైన చోటికి వచ్చేశాడు. మావయ్య మాత్రం కవరు మీద ఇంకా రాస్తూనే ఉన్నాడు.

మాస్టారు: ఆగు. ఇది ఊరికే కలవదు. ఎదురెదురు గోడలు సమానంగా ఉన్నంతవరకూ, గది ఎంత ఒరిగినా సరే, రెండు ఐమూలల వర్గాలు కలిపితే నాలుగు గోడల వర్గాల మొత్తానికి సమానం. పైథాగరస్ సిద్ధాంతమే, కాస్త వంగి కూర్చుంది. నాలుగు గోడలకీ నాలుగు 144లు, 576. నీ మొదటి ఐమూల 17, దాని వర్గం 289. మిగిలింది 287. అంటే నీ రెండో ఐమూల √287. ఒకటి √289, ఇంకొకటి √287. నడిమధ్యన ఏముంది?

మేస్త్రి: 288.

మాస్టారు: గది తిన్నగా ఉంటే రావలసింది అదే! నువ్వు సగం సగం పంచడం అంటే ఒకటి తీసి ఒకటి కలపడం. సరిగ్గా చెప్పాలంటే పంచాల్సింది ఐమూలల్ని కాదు, వాటి వర్గాల్ని.

మేస్త్రి: ఆ తేడా ఎంతుంటుంది?

మాస్టారు: వెంట్రుక మందంలో పదో వంతు.

మేస్త్రి: అది మీరే ఉంచుకోండి. కానీ మాస్టారూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. 289, 288, 287 అని మీకు వరసగా కనబడిందంటే, √288 అని రాయబట్టే కదా? 12√2 అని రాసుంటే కనబడేదా?

మావయ్య కళ్ళజోడు తీశాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని జవాబు వెతుక్కునేలా చేసిన శిష్యులు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఒకడు నా ఎదురుగా మేకు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మాస్టారు: కనబడేది కాదు. అమ్మాయి ప్రశ్నపత్రంలో సూక్ష్మీకరించండి అని ఉందా?

మేస్త్రి: లేదండీ. కర్ణం పొడవు కనుక్కోండి, అంతే.

మాస్టారు: అయితే ఆ అర మార్కు కోయకూడదు. అడగని పనికి కోత ఏమిటి? నేనూ కోశాను చాలామందికి, ఇప్పుడెందుకులే. అసలు కోయాల్సిన తప్పు వేరే ఉంది. ఆరు వర్గం, ఆరు వర్గం కలిపి మూలం తీయమంటే, ఆరూ ఆరూ పన్నెండు అని రాసేస్తారు. ఏటా ఉంటారు అలాంటివాళ్ళు.

మేస్త్రి: ఐమూల పన్నెండా? రెండు గోడలూ కలిపినంత పొడవు ఐమూల ఉంటే అక్కడ మూలే లేనట్టండీ, గోడ తిన్నగా సాగిపోతుంది. మా కూలివాడు కూడా ఆ మాట అనడు. పొలానికి గట్టు వెంట తిరిగి వెళ్ళేదీ, అడ్డంపడి వెళ్ళేదీ ఒకటే దూరమైతే ఎవడు అడ్డంపడతాడు?

మాస్టారు: ఆ మాట క్లాసులో చెప్పడానికి నువ్వు రావాలి. సరే, ఒక సంగతి విను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం దగ్గర ఒక మట్టిపలక ఉంది, అరచేతిలో పట్టేంత. బాబిలోనియావాళ్ళది, క్రీస్తుకి పూర్వం 1800కీ 1600కీ మధ్య కాలంది. పైథాగరస్‌కి వెయ్యేళ్ళు ముందు. దాని మీద ఒక నలుచదరం గీసి రెండు ఐమూలలూ గీశారు.

మేస్త్రి: రెండూనా?

మాస్టారు: రెండూను. పక్కన భుజం 30 అని ఉంది. ఐమూల మీద రెండు సంఖ్యలున్నాయి. వాళ్ళది అరవైల లెక్క, మన దశాంశాల్లోకి మారిస్తే పైది 1.41421 వరకూ √2తో సరిపోతుంది. కింది సంఖ్య దాన్ని 30తో హెచ్చిస్తే వచ్చేది. చూశావా, రెండు 900లు 1800, దానికి మూలం అని మొదలుపెట్టలేదు వాళ్ళు. 30 ఒక పక్క, √2 ఒక పక్క. √2ని ఒక్కసారి కష్టపడి కనుక్కుని పెట్టుకున్నారు, ఏ గది వచ్చినా దాని భుజంతో హెచ్చించుకోవడమే.

మేస్త్రి: అడుక్కి 17 అంగుళాల్లాగా.

మాస్టారు: అచ్చం అలాగే. నువ్వు రోజూ చేసేది సూక్ష్మీకరణే. 12√2 అని రాయవు, పన్నెండు పదిహేళ్ళు అంటావు. √2 చోట 17 అంగుళాలు పెట్టావు, అంతే తేడా.

మేస్త్రి: పోనీ, ఆ చోట సరిగ్గా సరిపోయే భిన్నమే పెడితే మూలం గుర్తు అక్కర్లేదు కదండీ. 17కి అదనం ఉందన్నారు. 577 ఉందన్నారు. ఇంకా ముందుకి వెళ్తే ఎక్కడో ఒకచోట సరిపోదా?

మాస్టారు: 17 పదిహేళ్ళు 289. పన్నెండు పన్నెండ్లు రెట్టిస్తే 288. ఒకటి తేడా. 577 వర్గం 3,32,929. 408 వర్గాన్ని రెట్టిస్తే 3,32,928. మళ్ళీ ఒకటి తేడా. సంఖ్యలు పెద్దవైన కొద్దీ ఆ ఒకటి చిన్నబోతుంది గానీ, పోదు. ఎందుకు పోదంటే ఇందాకటి జతల సంగతే. ఏ సంఖ్య వర్గాన్నైనా ముక్కలు చెయ్యి, రెళ్ళన్నీ జతలుగానే ఉంటాయి. 144లో నాలుగు రెళ్ళు, రెండు జతలు. దాన్ని రెట్టించావా, ఇంకో రెండు వచ్చి పడుతుంది. దానికి జోడీ లేదు. ఒక వైపు అన్నీ జతలు, ఇంకో వైపు ఒకడు ఒంటరి. ఈ రెండూ ఎట్లా సమానమవుతాయి? అందుకే ఏ భిన్నమూ చాలదు, గుర్తు వేసి లోపల కూర్చోబెట్టాలి.

మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. దారం బొటనవేలికి చుట్టి విప్పుతున్నాడు. వినడం లేదనుకున్నాను గానీ, వింటున్నాడు.

మేస్త్రి: మరి అన్ని చోట్లా జతలు దొరుకుతాయా? 200 గజాల ప్లాటు ఉంటుంది, 36కి 50. దాని ఐమూల వేసి విడగొట్టండి చూద్దాం.

మాస్టారు: 1296, 2500, కలిపితే 3796. నాలుగు తొమ్మిది వందల నలభై తొమ్మిదులు. 2√949. 949 అంటే పదమూడు డెబ్భై మూళ్ళు. జతల్లేవు.

మేస్త్రి: రెండు బయటికొచ్చి ఏం బాగుపడింది?

మాస్టారు: ఏమీ బాగుపడలేదు. అలాంటి చోట √3796 అనే రాయమను, నాకేం?

మేస్త్రి: అలాంటి చోట నేను మొత్తం ఐమూల జోలికే పోను. అందులోనే 30 ఒక పక్క, 40 ఒక పక్క కొలుచుకుని 50 కలుపుతాను. మూడు నాలుగు ఐదుకి పదింతలు. కొత్త కుర్రాళ్ళు నిజంగానే మూడడుగులూ నాలుగడుగులూ పెట్టి ఐదు చూస్తారు. మూడడుగుల మీద నూలు తప్పితే ముప్ఫై అడుగుల కొసకి పది నూళ్ళు, అంగుళం పావు. చిన్న త్రిభుజం పెట్టి పెద్ద గోడ కట్టకూడదండీ.

ఇది మావయ్యకి కొత్త. బళ్ళో 3, 4, 5 ఎప్పుడూ 3, 4, 5 గానే ఉంటాయి, నల్లబల్ల మీద గీతలకి నూలు తప్పడమంటూ ఉండదు. ఆయన కవరు మీద ఈ మాట రాసుకున్నాడు. ఆయన రాసుకోవడం చూసి మేస్త్రి రెండో వైపు తిరిగి మీసం తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు.

పెద్ద గది మేకులు జరిపి, రెండు ఐమూలలూ మళ్ళీ లాగి చూశాం. రెండూ కలిశాయి. ఇక స్నానాలగది. వెనక మూల నుంచి 6, 6 కొలిచి మేకులు పెట్టాలి. మేస్త్రి టేపు నా చేతికివ్వలేదు. పెద్ద గది ఐమూల పొడవుకి ముడి వేసి ఉంచుకున్న దారం తీశాడు. రెండు కొసలూ కలిపి పట్టుకుని సగానికి మడిచి, మడత దగ్గర ముగ్గు రాశాడు.

మాస్టారు: ఏం చేశావు?

మేస్త్రి: సగానికి మడిచానండీ. గది సగం, ఐమూల సగం.

మాస్టారు: 288లో సగం 144 కదా?

మేస్త్రి: అవును.

మాస్టారు: అమ్మాయికి వచ్చింది 72. అదీ ఆరుకి ఆరే. నీ దారం సగమైతే, 288 వెళ్ళి 72 ఎందుకైంది?

మేస్త్రి మడిచిన దారం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక కొస వదిలి మళ్ళీ పట్టుకున్నాడు. గట్టు మీద కాకి ఒకటి ముగ్గు డబ్బా చుట్టూ తిరుగుతోంది, దాన్ని కూడా తోలలేదు.

మేస్త్రి: లోపల నాలుగో వంతు అయింది. బయట సగమైంది. 12√2లో సగం... 6√2.

మాస్టారు: ఊఁ.

మేస్త్రి: √288, √72 అని రాసుంటే దారం మడవచ్చని తోచదు.

మాస్టారు: తోచదు.

మేస్త్రి: సాయంత్రం పిల్లకి ఈ దారమే చూపిస్తాను. అర మార్కు సంగతి మాత్రం వదల్నండీ, రేపు బడికెళ్ళి అడుగుతాను.

మాస్టారు: అడుగు. నేనూ వస్తాను.

మడత మీది ముగ్గు గుర్తు మేకుకి ఆనించి మేస్త్రి దారం బిగించాడు. "అయ్యగారూ, ఇటు రండి, ఈ కొస పట్టుకోండి" అన్నాడు. ఏ గీత దగ్గర పట్టుకోవాలి అని అడిగాను. దారం మీద గీతలుండవండీ అన్నాడు.